కంటికి దాగిన మిణుకు

రజతోత్సవ సంచికకు చారిత్రక వ్యాస మొకటి వ్రాయుమని గ్రంథాలయ నిర్వాహకులు కోరినపుడు, వారు కాకతీయుల కోటనో, వేయిస్తంభముల గుడినో మనస్సున నుంచుకొని యుందురు. ఓరుగంటిని గూర్చి వ్రాసినవారు పెక్కుమంది కలరు, ఇకముందును వ్రాయుదురు. ఏ శాసనమునందును చెక్కబడనిదై, మన యిండ్లలో ప్రతి రాత్రియు జరుగుచున్నదై, కంటి యెదుటనే యుండియు కంటికి కనబడని వింత యొకటి కలదు. దాని చరిత్రను విన్నవించుట ఈ వ్యాసమున నా యుద్దేశ్యము.

మన గ్రంథాలయ సభలను సెల్‌ఫోనుతో చిత్రించినవారు దీనిని చూచియే యుందురు. సభాభవనమున దీపములు నిండుగా వెలుగుచుండును. కంటికి ఏ లోపమును తోచదు. చిత్రించిన పిమ్మట చూచినచో వక్త ముఖముమీదుగా నల్లని చారలు జారుచుండును. గోడమీది వెలుగు అదరుచుండును. పాత టెలివిజను తెరను ఫోటో తీసినచో సగము తెర చీకటిగా పడును. బస్సు నుదుట దీపాక్షరములలో ‘హనుమకొండ’ యని మనము స్పష్టముగా చదివిన పలకయే ఫోటోలో రెండు మూడు తునకలై కనబడును. మేడారము జాతర రాత్రులలో తీసిన వీడియోలందు దీపమాలికలు ఆరుచు వెలుగుచు నున్నట్లు తోచును. చూచినవారిలో కొందరు దీపము చెడినదందురు. కొందరు ఫోను చెడినదందురు. నిజమునకు రెండును చెడలేదు. దీపము నిజముగనే మిణుకుచున్నది. మన కన్ను ఆ మిణుకును దాచుచున్నది. కెమెరా దానిని బయటపెట్టుచున్నది. చెప్పవలసిన ముఖ్యవిషయ మింతియే. కాని యిది తెలియుటకు మానవునకు చాలకాలము పట్టినది. తెలియక పోవుట చేత కీడును కలిగినది.

మొదట కంటి సంగతి చూతము. కొరవిని చేతబట్టి గుండ్రముగా త్రిప్పినచో నిప్పుచక్రము కనబడును. దీపావళినాడు కాకరపువ్వొత్తితో పిల్లలు ఆడు ఆట యిదియే. మన ప్రాచీనులు దీనిని అలాతచక్రమనిరి. గౌడపాదాచార్యులు తమ మాండూక్య కారికలలో నాలుగవ ప్రకరణమునకు అలాతశాంతి యని పేరుపెట్టి, కదలుచున్న కొరవియందు లేని ఆకారము ఉన్నట్లు తోచుటను దృష్టాంతముగా గ్రహించిరి. వారి గమ్యము వేదాంతము, మన గమ్యము ట్యూబులైటు. అయినను దృష్టాంతము రెంటికిని చాలును.

సెకనుకు పది పదిహేను మారులు వెలిగి ఆరు దీపము కంటిని బాధించును. ఆ లెక్క ఏబది అరువది మారులకు చేరునప్పటికి చాలమందికి అది నిలుకడగల వెలుగుగా తోచును. వెలుగు హెచ్చినకొలదియు, కంటికొసతో చూచినపుడును ఈ మేర కొంత పెరుగును. సెకనుకు నూరు మారులైనచో నిలకడగా చూచు కన్ను ఇంచుమించు ఓడిపోవును. ఈ నూరు అను సంఖ్యను చదువరులు గుర్తుంచుకొనవలెను. ముందు పలుమారులు దీనితో పని కలదు.

ఐరోపాఖండమున ఈ విషయమును శాస్త్రీయముగా విచారించినవారిలో పీటర్ మార్క్ రోజెట్ అను వైద్యు డొకడు. ఆంగ్లభాషకు ప్రసిద్ధమైన పర్యాయపదకోశమును 1852లో ప్రకటించినవా డితడే గనుక గ్రంథాలయములకు పరిచితుడే. 1824లో ఇతడు లండనునందలి రాయల్ సొసైటీలో ఒక వ్యాసము చదివెను. కంచె సందులగుండ బండిచక్రమును చూచినపుడు దాని ఆకులు వంకరపోయినట్లు కనబడుటయే దానికి విషయము. మన యూళ్ళలో దడి కావలగా పోవు ఎడ్లబండిని చూచినవారికి ఇది క్రొత్తగాదు; కాని చూచుట వేరు, చూచినదానిని ప్రశ్నించుట వేరు.

ఏడేండ్లకు, 1831లో, మైకేల్ ఫారడే మహాశయుడు ఇట్టి దృష్టిభ్రమను గూర్చియే మరియొక వ్యాసము ప్రకటించెను. ఒక మిల్లులో వేగముగా తిరుగుచున్న పండ్లచక్రములను ఒకదాని వెనుక నొకటిగా చూచినపుడు అవి కదలక నిలిచినట్లు కనబడుట అతనిని ఆకర్షించినది. అదే సంవత్సరము అక్టోబరు నెలలో అతడే, అయస్కాంతమునకును తీగచుట్టకును నడుమ కదలిక వలన విద్యుత్తు పుట్టునని కనుగొనెను. నేడు మన యిండ్లకు వచ్చు విద్యుచ్ఛక్తిలో చాలభాగము ఆ సూత్రము వలన పుట్టినదే. దీపమును మిణుకజేయు కారణమును, ఆ మిణుకు వలన కలుగు భ్రమయు ఒకే సంవత్సరమున ఒకే మనుష్యుని చేతిలో పడినవి. ఆ రెండును ఒకనాడు ఒకే మిల్లులో కలిసికొనునని అప్పుడు ఊహింపగలిగిన వారెవరు?

తరువాతి సంవత్సరమే బెల్జియమున ప్లాటో అను శాస్త్రజ్ఞుడు ఒక పళ్ళెము అంచున బొమ్మలు గీసి, సందులు కోసి, అద్దము ముందు త్రిప్పి బొమ్మలను ఆడించెను. దాని సంతానమే చలనచిత్రము. పారిస్ నగరమున లూమియేర్ సోదరులు 1895 డిసెంబరు 28న ప్రదర్శించిన చిత్రములు 1896 జులై 7 నాటికి బొంబాయి చేరినవి. మన తెలుగువారిలో మచిలీపట్నమున పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడు 1910 ప్రాంతమున యంత్రమును తెప్పించి, డేరాలు వేసి, ఊరూర బొమ్మలు చూపెను. తెలుగున మాటలు నేర్చిన తొలి చిత్రము, హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’, 1932 ఫిబ్రవరి 6న విడుదలయైనది.

మూగచిత్రములు సెకనుకు ఇంచుమించు పదునారు బొమ్మలుగా నడచెడివి. ఒక బొమ్మ తొలగి మరియొకటి వచ్చు నంతసేపు తెరపై వెలుగు పడకుండ ఒక రేకు అడ్డుపడవలెను. అట్లు సెకనుకు పదునారు చీకట్లు పడినచో కన్ను ఓర్వదు. ఆంగ్లేయులు సినిమాకు ముద్దుగా పెట్టిన ‘ఫ్లిక్’ అను పేరునకు మిణుకు అనియే మూలార్థము. ప్రదర్శకులు దీనికి చేసిన చికిత్స చమత్కారమైనది: చీకటిని తగ్గించుట గాక పెంచిరి. అడ్డురేకునకు మూడు రెక్కలు పెట్టి, ఒక్కొక్క బొమ్మను మూడుమారులు వెలిగించిరి. పదునారు మూళ్ళు నలుబదియెనిమిది. మాటల చిత్రములు వచ్చి బొమ్మలు సెకనుకు ఇరువదినాలుగైనప్పుడు రెండు రెక్కలు చాలినవి. అప్పుడును లెక్క నలుబదియెనిమిదియే. మిణుకు పోలేదు, కంటి మేరకు చేరువయై దాగినది.

టూరింగు టాకీసులలో కార్బను పుల్లల నడుమ మండు వెలుగును చూచిన వృద్ధులు మన యూళ్ళలో ఇంకను కలరు. ఆ దీపమునకు ఒకే దిక్కున పారు విద్యుత్తును ఇచ్చుటకై ప్రత్యేక యంత్ర ముండెడిది. దిక్కు మారుచుండు విద్యుత్తును ఇచ్చినచో దాని మిణుకును, అడ్డురేకు మిణుకును కలిసి తెర అదరెడిది. కెమెరాయందు నేడు మనము చూచుచున్న చిక్కును ఆనాటి ఆపరేటరు అప్పుడే ఎరుగును.

ఈ దిక్కు మారుట యేమో కొంచెము నిదానముగా చెప్పవలెను. 1904లో హనుమకొండలో శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసిననాటికి చదువరులకు నూనెదీపమే దిక్కు. అది గాలికి రెపరెపలాడును గాని గాలి లేనపుడు నిలకడగా వెలుగును. నిజాము రాజ్యమున విద్యుచ్ఛక్తి శాఖ 1910లో ఏర్పడినది. హుస్సేనుసాగరపు ఒడ్డున ఆవిరి విద్యుత్కేంద్రము 1920లో వెలసినది. దూరమునకు చేరవేయుటకు అనుకూలమైనదగుటచే లోకమంతటను దిక్కు మారు విద్యుత్తే నిలిచినది. అది ఒక దిక్కున పెరిగి, తగ్గి, శూన్యమై, ఎదురు దిక్కున పెరిగి, తగ్గి, మరల శూన్యమగును. ఈ మొత్తము ఒక ఆవృత్తి. మన దేశమున సెకనుకు ఏబది ఆవృత్తులు. దీపమునకు దిక్కుతో పనిలేదు. ఎటు పారినను వెలుగును. కావున ఒక ఆవృత్తికి రెండుమారులు వెలుగు పెరిగి తగ్గును. ఏబది రెండ్లు నూరు. మనము గుర్తుంచుకొన్న సంఖ్య ఇదియే.

ఏబది యను లెక్క దైవదత్తము గాదు. తొలిదినములలో ఒక్కొక్క ఊర ఒక్కొక్క లెక్క నడచినది. అమెరికాయందు నయాగరా జలపాతమున 1895లో నెలకొల్పిన యంత్రములు ఇరువదియైదు ఆవృత్తులవి. మనకు పొరుగున కావేరిపై శివసముద్రమున 1902లో పుట్టి కోలారు బంగారు గనులకు పారిన విద్యుత్తును ఇరువదియైదు ఆవృత్తులదే. ఆ గనులున్న కోలారుసీమలో తెలుగు మాటాడువారు మెండు. పెద్ద మోటార్లకు ఆ లెక్క బాగుగానే యుండును. దీపములు మాత్రము కంటికి తెలియునట్లు అదరును. పిదప జర్మనీ మున్నగు దేశములు ఏబదిని, అమెరికా అరువదిని స్థిరపరచుకొన్నవి. అట్లు ఎక్కువ లెక్కవైపు మ్రొగ్గుటకు దీపపు మిణుకును ఒక కారణము. మనకు ఆంగ్లేయుల మార్గమున ఏబది సంక్రమించినది.

పాత తీగెబల్బు ఈ మిణుకును చాలవరకు మ్రింగివేయును. కమ్మరి కొలిమిలోనుండి తీసిన ఇనుము వెంటనే చల్లబడదు గదా! అట్లే కాగిన తీగె సెకనులో నూరవవంతు వ్యవధిలో పూర్తిగా చల్లారదు. ట్యూబులైటు కథ వేరు. పాత రకపు చోకుతో వెలుగు ట్యూబులో వాయువు ఒక్కొక్క శూన్యక్షణమున ఇంచుమించు ఆరిపోయి మరల వెలుగును. గొట్టము లోపలి తెల్లని పూత వెలుగును కొంత నిలుపును గాని పూర్తిగా నిలుపజాలదు. తరువాత వచ్చిన చుట్టగొట్టపు దీపములు తమలోని ఎలక్ట్రానిక్ యంత్రముచే సెకనుకు వేలకొలది మారులు వెలుగుచు మిణుకును దాదాపు పోగొట్టినవి. ఎల్.ఇ.డి. బల్బు తీగెబల్బుకంటె, ట్యూబుకంటె చురుకైనది. విద్యుత్తు ఎట్లు మారిన అట్లు తక్షణమే మారును. దానిలోపల విద్యుత్తును నిలకడ పరచు భాగములు మంచివైనచో అది తీగెబల్బుకంటెను నిశ్చలముగా వెలుగును. వెలకు ఆశపడి ఆ భాగములను తగ్గించినచో సెకనుకు నూరుమారులు తప్పక అదరును. 2015 జనవరిలో ప్రారంభమైన ఉజాలా పథకమున దేశమందు 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు పంచబడినవి. కరెంటు బిల్లు తగ్గినది, నిజము. బల్బు కొనునపుడు వెలను, వెలుగును అడుగువారు చాలమంది. నిలకడను అడుగువారు నాకింకను తారసపడలేదు.

ఫారడే చూచిన మిల్లు చక్రమును, అతడు కనిపెట్టిన విద్యుత్తును కలిసిన చోటును ఇప్పుడు చూతము. ఓరుగల్లు పత్తికి పేరుగన్నది. 1934లో వెలసి, ఈ శతాబ్దారంభమున మూతబడిన ఆజంజాహి మిల్లులో తరతరములు నూలు వడికినవి. అట్టి మిల్లులలోనేమి, నేటికిని నడచుచున్న జిన్నింగు మిల్లులలో, ధాన్యపు మిల్లులలో, కోతమిల్లులలోనేమి, చక్రములు రాత్రులందును తిరుగును. మన రైతులు మోటారు పలకమీద 1440 అను అంకెను చూచియే యుందురు. నిమిషమునకు అన్ని చుట్లు తిరుగు ననుట. అనగా సెకనుకు ఇరువదినాలుగు చుట్లు. దాని ఇరుసునకు నాలుగు ఆకుల చక్ర మున్నదనుకొందము. ఆ చక్రముమీద చోకుతో వెలుగు ట్యూబు ఒక్కటే వెలుగుచున్నది. ఒక మెరుపునకు మరియొక మెరుపునకు నడుమ చక్రము పావుచుట్టుకు రవ్వంత తక్కువగా తిరుగును. నాలుగు ఆకులును ఒకే తీరున నుండుటచే, ఒక ఆకు ముందున్న ఆకు చోటికి ఇంచుమించు చేరినట్లే కనబడును. ఆ రవ్వంత కొదువ వలన చక్రము వెనుకకు జరిగినట్లు తోచును. లెక్కవేసినచో, సెకనుకు ఇరువదినాలుగు చుట్లు ముందుకు తిరుగు చక్రము, సెకనుకు ఒకే చుట్టు వెనుకకు తిరుగుచున్నట్లు మెల్లగా, సాధువుగా కనబడును. సరిగా 1500 చుట్లైనచో కదలక నిలిచినట్లే యుండును. చప్పుడుతో నిండిన మిల్లులో చెవి సాక్ష్యము పనికిరాదు. కన్ను నిలిచినదని చెప్పినది. చేయి ముందుకు పోయినది. ఇట్టి ప్రమాదములకు భయపడియే మిల్లు ఇంజనీర్లు ప్రక్క ప్రక్క ట్యూబులను మూడు ఫేజులకు వేరువేరుగా కలుపు పద్ధతిని నేర్చుకొనిరి. ఒక ట్యూబు ఆరుచున్న క్షణమున మరియొకటి వెలుగుచుండును; చక్రము తిరుగునది తిరుగునట్లే కనబడును. ఎక్కువ ఖర్చు లేదు, తీగె కలుపుటలో తెలివి మాత్రమే. మన యూళ్ళలో ఒకే దీపముక్రింద రంపపు చక్రమును నడుపువారు ఈ పేరాను రెండుమారులు చదివినచో మేలు.

అదే భ్రమను మేలునకు వాడుకొన్నవారును కలరు. పాత గ్రామఫోను పళ్ళెపు అంచున గీతల వరుసను కొందరు చూచియుందురు. ఏబది ఆవృత్తుల దేశమున, నిమిషమునకు 78 చుట్లు తిరుగవలసిన పళ్ళెమునకు 77 గీతలు. 33 చుట్ల పళ్ళెమునకు 180. విద్యుద్దీపము క్రింద ఆ గీతలు నిలిచినట్లు కనబడినచో వేగము సరి. ముందుకు ప్రాకినచో ఎక్కువ, వెనుకకు ప్రాకినచో తక్కువ. గాయకుని గొంతు శ్రుతి తప్పకుండుటకు మిణుకుచున్న దీపమే కావలి.

సినిమాలో బండిచక్రము వెనుకకు తిరుగుటయు ఈ కుటుంబములోనిదే. పన్నెండాకుల చక్రము సెకనుకు రెండు చుట్లు తిరిగినచో ఇరువదినాలుగు ఆకులు గడచును. కెమెరా తీయు బొమ్మలును ఇరువదినాలుగే. చక్రము నిలుచును, బండి పోవును, ప్రేక్షకులు నవ్వుదురు. ఇచట అడ్డు చెప్పుచున్నది దీపము గాదు, కెమెరా. దీపమునకు ఒక తాళము, కెమెరాకు ఒక తాళము కలవు. ఈ రెండు తాళములు కలియనిచోట మనకు చారలు, అదరుపాటులు కనబడును.

టెలివిజను నిర్మాతలు దీనిని మొదటినుండియు ఎరుగుదురు. ఏబది ఆవృత్తుల దేశములలో సెకనుకు ఏబది అరబొమ్మలు, అరువది దేశములలో అరువది అరబొమ్మలు పెట్టుటలో విద్యుత్తుతో తాళము కలుపు నుద్దేశ్య మున్నది. ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న మొదలైన టెలివిజను, 1975-76లో ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో 2400 గ్రామములకు చేరినది. వానిలో మన తెలుగు పల్లెలును కలవు. హైదరాబాదు కేంద్రము 1977లో ప్రసారములు మొదలిడినది. నాటి గాజుగొట్టపు తెరమీద బొమ్మ ఒక్కమారుగా వెలుగదు. ఒక వెలుగుచుక్క 625 గీతలుగా, ఒక్కొక్క గీతను ఎడమనుండి కుడికి గీయుచు పోవును. కెమెరా ఒక్కక్షణము మాత్రమే కన్ను తెరచినచో ఆ క్షణమున గీసిన భాగమే దక్కును, తక్కినది చీకటి. సినిమాలలో టెలివిజను తెరను చూపవలసివచ్చినపుడు ఛాయాగ్రాహకులు కెమెరాను ఇరువదినాలుగు బదులు ఇరువదియైదు బొమ్మలకు మార్చి, తెరతో తాళము కలిపెడివారు.

మన జిల్లాలోని పెండ్లి క్యాసెట్లు ఈ చరిత్రకు శాసనముల వంటివి. అమెరికా చేరిన తెలుగువారు కొందరు తమ వీడియో కెమెరాలతో పెండ్లిండ్లకు వచ్చెడివారు. అవి సెకనుకు అరువది అరబొమ్మలు తీయునవి. మన ట్యూబులు నూరు మారులు వెలుగునవి. మూడు బొమ్మలకు ఐదు వెలుగులు. సమానముగా పంచుట కుదురదు. అందుచే తలంబ్రాల వేళ బొమ్మ అదరిపోయెడిది. నింద మాత్రము ఊరి కరెంటుమీదికి పోయెడిది. షట్టరును సెకనులో నూరవవంతునకు కట్టినచో ప్రతి బొమ్మకును సరిగా ఒక్క వెలుగు దక్కెడిది. ఇక ఇక్కడి కెమెరాలకును చిక్కు లేకపోలేదు. 1990 తరువాతి దశకమున దక్షిణదేశపు విద్యుద్వలయములో కొరత హెచ్చి, ఆవృత్తి 48.5 దిగువకు తరచుగా పోయెడిది. దీపములు నూటికి బదులు తొంబదియేడు మారులు వెలుగగా, కెమెరా మాత్రము తన ఏబదిని విడువదు. షట్టరు వేగముగా పెట్టిన క్యాసెట్లలో మండపము మెల్లగా ఊపిరి తీయుచున్నట్లు వెలుగు హెచ్చి తగ్గుచుండును. 2003లో దక్షిణ ప్రాంతమునకు క్రొత్త సుంకపద్ధతి వచ్చిన పిదప ఆవృత్తి కుదుటబడినది.

నేటి సెల్‌ఫోను మరియొక విశేషము తెచ్చినది. దాని కెమెరా బొమ్మ నంతటిని ఒక్కమారుగా గ్రహింపదు; వరుస వెంట వరుసగా గ్రహించును. ఓరుగల్లు కొత్తవాడలో తివాచీ నేయుట చూచినవారికి ఇది సులభముగా తెలియును. పడుగుమీద పేక ఒక్కొక్క పోగుగా పడుచుండును. నేయుచున్నంతసేపు పేకరంగు నల్లబడుచు తెల్లబడుచు నున్నచో తివాచీపై అడ్డచారలు పడక తప్పదు. ఫోనులో పై వరుస దీపము వెలుగుచున్నపుడు, క్రింది వరుస అది మందగించినపుడు నేయబడును. ఒక బొమ్మ నేయుటకు సెకనులో ఏబదవవంతు పట్టినచో, అంతలో దీపము రెండుమారులు మందగించును గనుక రెండు నల్లచారలు పడును. ప్రతి వరుసయు సరిగా నూరవవంతో, ఏబదవవంతో సెకను వెలుగును త్రాగినచో అన్ని వరుసలకును సమానమైన వెలుగు దక్కి చారలు మాయమగును. పగటివలె వెలుగు మెండుగా నున్నచోట ఫోను తనంతట షట్టరును వేయవవంతునకు కుదించును. అప్పుడు చారలు మిక్కిలి ముదురును. కావుననే బాగుగా అలంకరించిన వేదికమీదనే బొమ్మ ఎక్కువ చెడుట. ఫోను అరువది ఆవృత్తుల దేశమునకు అమర్చబడియున్నను ఇదే ఫలితము. ఏర్పాట్లలో ఏబది హెర్ట్జులని మార్చుకొనవలెను. బస్సు పలకలోని అక్షరములు దీపముల వరుసలు వంతులవారీగా వెలుగుట వలన ఏర్పడును. కంటికి అవి ఒక్కటిగా అతుకును, షట్టరు పొట్టిదైనచో అతుకవు.

చారలు ప్రాకుటను గూర్చి ఒక్కమాట. సెకనుకు ఇరువదియైదు బొమ్మలు తీసినచో ఒక్కొక్క బొమ్మకు సరిగా నాలుగు వెలుగులు. చారలు ఉన్నచోటనే నిలువవలెను. ముప్పది బొమ్మలైనచో మూడును మూడవవంతును; బొమ్మ బొమ్మకు చార చోటు మారి అదరును. కాని ఇరువదియైదు తీసినను చారలు మెల్లగా ప్రాకుచుండుట చూతుము. కారణమేమి? విద్యుత్తు సరిగా ఏబది గాదు. నియమము ప్రకారము 49.90కును 50.05కును నడుమ నుండవలెను. 49.95 వద్ద నున్నచో దీపము సెకనుకు 99.9 మారులు వెలుగును. చార తన ప్రక్కచార చోటికి ప్రాకుటకు పది సెకనులు పట్టును. మన పూర్వపు వరంగల్లు జిల్లాలోని చెల్పూరున కాకతీయ విద్యుత్కేంద్రము కలదు. అచట 2010లో 500 మెగావాట్ల యంత్రము, 2016లో 600 మెగావాట్ల యంత్రము పనిచేయ మొదలిడినవి. ఆ యంత్రముల ఇరుసు నిమిషమునకు 3000 చుట్లు, అనగా సెకనుకు ఏబది చుట్లు తిరుగును. 2013 డిసెంబరు 31న దక్షిణ విద్యుద్వలయము తక్కిన దేశముతో కలిసినది. నాటినుండి చెల్పూరు ఇరుసును, హిమాలయముల దాపున తిరుగు ఇరుసును ఒకే తాళమున నడచుచున్నవి. దేశమున వాడుక హెచ్చినచో అన్నియు కలిసి రవ్వంత మందగించును. మీ ఫోనులో ప్రాకుచున్న ఆ నల్లచార దేశపు ఇరుసులన్నింటి నడకను చూపు ముల్లు. శబ్దపు రికార్డులలో వినవచ్చు విద్యుత్తు రొదను ఇట్లే పరిశీలించి, అవి ఎప్పుడు తీసినవో, నడుమ కోసి అతికినారో తేల్చుటకు నేరపరిశోధకులు ఒక పద్ధతిని ఏర్పరచుకొనిరి. మిణుకు కూడ సాక్ష్యమే యన్నమాట.

మన గ్రంథాలయమునకు ఇందుతో నేరుగా సంబంధము కలదు. ఇప్పుడు సభలు, కథాగానములు, వృద్ధుల జ్ఞాపకములు పుస్తకములలోకంటె ఫోనులలోనే ఎక్కువగా నిలుచుచున్నవి. ఒగ్గుకథకు దేశమున పేరు తెచ్చిన చుక్క సత్తయ్యగారు మన ప్రాంతమువారే, 2017లో కీర్తిశేషులైరి. అట్టివారు పాడిన రాత్రి మరల రాదు. దానిని చారలతో నింపిన వీడియోను పిదప సరిచేయుట కష్టము, పూర్తిగా సరిచేయుట అసాధ్యము. తీయుటకు ముందు చేయవలసినది అరనిమిషము పని: ఏబది హెర్ట్జులు, ఇరువదియైదు బొమ్మలు, షట్టరు ఏబదవవంతో నూరవవంతో. వెలుగు హెచ్చైనచో షట్టరును కుదింపక, కెమెరా గ్రహణశక్తిని తగ్గింపవలెను. సభాభవనమున దీపములను మూడు ఫేజులకు పంచుట మిల్లులకు వలెనే ఇచటను మేలుచేయును. క్రికెట్టు మైదానముల దీపస్తంభములకును ఇదే ఉపాయము. అది చేయనిచోట మెల్లగా చూపు మరుప్రదర్శనలో బంతి వెలుగుచీకట్ల నడుమ ఎగురును.

దీపము కొనునపుడు పరీక్షించుటకు యంత్ర మక్కరలేదు. చీకటిగదిలో ఆ ఒక్క దీపమునే వెలిగించి, దానిముందు చీపురుపుల్లను చేతబట్టి వేగముగా ఊపి చూడవలెను. నిలకడగల దీపమైనచో పుల్ల పలుచని విసనకఱ్ఱవలె అలికినట్లు కనబడును. మిణుకు దీపమైనచో అనేకమైన పుల్లలు విడివిడిగా, దడి వలె కనబడును.